ముందు ‘జ్యోత్స్న’ అని కొట్టి చూడండి

మన మిషిగన్ నోవై పిల్లల్లారా! హైస్కూల్లో ఉన్నవాళ్లు, వేసవికి కాలేజీ నుంచి ఇంటికొచ్చినవాళ్లు, మొదటి ఉద్యోగంలో చేరి ఇంకా అమ్మా నాన్నల ఇంట్లోనే ఉంటున్నవాళ్లు, మీ అందరికీ ఒక పని అప్పజెప్పాలని ఈ నాలుగు మాటలు. కూచిపూడి నేర్చుకోమనేవాళ్లూ, పద్యం అప్పజెప్పమనేవాళ్లూ మీకు ఇప్పటికే బోలెడుమంది. నేనడిగేది లేబుల్ ప్రింటరు పని. అరచేతిలో ఇమిడే యంత్రం, బ్యాటరీతో నడిచేది, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసేది. దాన్ని తెచ్చి, అమర్చి, తెలుగు సరిగ్గా కొడుతుందో లేదో గట్టిగా పరీక్ష చేసి, మన ఊళ్లో తెలుగు అవసరమైన ప్రతి డబ్బా మీదా, ప్రతి అర మీదా తెలుగు అంటించండి.

నవ్వుతున్నారా? నవ్వండి. 2025 జులై 3, 4, 5 తేదీల్లో ఇదే నోవైలో ఉత్తర అమెరికా తెలుగు సంఘం, అదే తానా, 24వ మహాసభలు జరిగాయి. అంత పెద్ద సభలు ఉపన్యాసాల మీద నడవవు. ఏ పెట్టెలో ఏముందో, ఏ గది ఎవరిదో, ఏ గిన్నె ఏ వరసలోకి వెళ్లాలో చదివి తెలుసుకునేలా రాసిపెట్టే చేతులుంటేనే నడుస్తాయి. తెలుగువాళ్లు పదిమంది కూడిన ప్రతిచోటా ఆ చేతులు చాలామటుకు మీ వయసువాళ్లవే. రాసేది మాత్రం ఇంగ్లీషులో.

ఈ పని మీకు కొత్తేం కాదు. నోవై హైస్కూలు రోబో జట్టు ఫ్రాగ్ ఫోర్స్, నంబరు 503, మీకు నాకన్నా బాగా తెలుసు. రోబో పోటీలకి తిరిగిన ఏ పిల్లనడిగినా చెబుతుంది: మోటారు కంట్రోలరు మీద దాని ఐడీ నంబరు అంటించి లేకపోతే, మ్యాచికీ మ్యాచికీ మధ్య దొరికే ఆ కాస్త వ్యవధీ ఏ వైరు ఎటు పోతోందో వెతుక్కోవడానికే చాలదు. ఇంట్లో అమ్మనో నాన్ననో అడగండి. డియర్‌బోర్న్‌లోనో, వారెన్‌లోనో, ఆబర్న్ హిల్స్‌లోనో కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లకి పెట్టె మీద లేబుల్ తప్పయితే ఎంత రభసో తెలుసు. మనకి కూతవేటు దూరంలో, సౌత్‌ఫీల్డ్‌లో, ఏఐఏజీ అని ఒక సంస్థ ఉంది. ఒకరితో ఒకరు పోటీపడే జీఎం, ఫోర్డ్, క్రైస్లర్ మనుషులు 1982లో కలిసి పెట్టుకున్నది. సరుకు పెట్టె మీది లేబుల్‌లో ఏది ఎక్కడుండాలన్న విషయాన్ని కూడా ఆ మహా కంపెనీలు కూర్చుని తేల్చుకున్నాయి. లేబుల్ చిన్న పని అని వాళ్లనుకోలేదు.

ఇంకో సంగతి. మన వీధుల్లో జపాన్ కుటుంబాలు చాలా ఉన్నాయి, మీ క్లాసుల్లో వాళ్ల పిల్లలున్నారు. మీరు రోజూ ఫోన్‌తో చదివే క్యూఆర్ కోడు పుట్టింది వాళ్ల కార్ల ఫ్యాక్టరీల్లోనే. ఒక్కో పెట్టె మీద పది దాకా బార్‌కోడులు చదవలేక పనివాళ్లు విసిగిపోతుంటే, డెన్సో కంపెనీలో మసహిరో హారా బృందం 1994లో దాన్ని తయారుచేసింది. నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. వాళ్ల కాంజీ అక్షరాల కోసం ఆ కోడులోనే ప్రత్యేకంగా చోటు కట్టారు. ఒక్కో అక్షరం 13 బిట్లలో సర్దుకుంటుంది. మన ‘లక్ష్మి’ని అదే కోడులో పెట్టాలంటే యూనికోడ్‌లో ఏడు ముక్కలు, ముక్కకి మూడు బైట్లు, వెరసి 168 బిట్లు. ఇందులో వాళ్లు మనకి చేసిన అన్యాయం ఏమీ లేదు. తమ పెట్టె మీద తమ అక్షరం ఉండాలని వాళ్లు పట్టుబట్టారు, సాధించుకున్నారు. మన తరఫున పట్టుబట్టేవాళ్లు ఎక్కడున్నారన్నదే నా ప్రశ్న.

పట్టించుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఒక్క తెలుగు అక్షరం, ‘జ్ఞా’, ఒక ప్రత్యేకమైన క్రమంలో మెసేజీలో వస్తే ఐఫోన్లలో ఆప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 వదిలి సరిచేసింది. ప్రపంచం నవ్వుకుంది, మనమూ నవ్వుకుని మీమ్‌లు పంచుకున్నాం. ‘జ్ఞానం’ అన్న మాటని మనం చిన్నప్పుడే రాస్తాం. అంత పెద్ద కంపెనీ ఫోనుకే ఆ గతి పడితే, ముప్పై నలభై డాలర్ల ప్రింటరు ఆప్ రాసినవాడు తెలుగు పరీక్షించి ఉంటాడని ఏ ధైర్యంతో అనుకుంటాం? అతనికి తెలుగు రాదు. తెలుగులో తప్పు పడితే తప్పని కూడా అతనికి తెలియదు. తెలిసేది మీకు. కాబట్టి పరీక్ష మీ పని.

ఇలాంటి పని పూర్వం మీలాంటివాళ్లే చేశారు కూడా. 1990ల మొదట్లో కంప్యూటరు తెర మీద తెలుగు కనబడటమే గగనమైన రోజుల్లో, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసే పద్ధతి ఒకటి కట్టారు. ఆర్‌టీఎస్ అన్న ఆ పద్ధతిని ఇప్పటికీ మీ పెద్దవాళ్లలో కొందరు వాడుతుంటారు. ఎవరూ పురమాయించలేదు. తమకి కావాలి కాబట్టి చేసుకున్నారు.

సరే, యంత్రం దగ్గరికి రండి.

పెట్టె విప్పీ విప్పగానే ఫోన్‌కి కలపకండి. ముందు రోలు వేసి, ప్రింటరు తనంతట తాను కొట్టుకునే పరీక్ష కాగితం ఒకటి తీయండి. బటన్ ఎలా నొక్కిపట్టాలో వెంట వచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ పరీక్ష కాగితం శుభ్రంగా వస్తే యంత్రం మంచిదేనని తేలుతుంది, ఇక ఆ తర్వాత వచ్చే తేడాలు ఫోన్‌లో వెతకొచ్చు. తర్వాత లేబుల్‌కీ లేబుల్‌కీ మధ్య ఉండే సందుని దానికి గుర్తుపట్టించాలి. గుర్తుపట్టకపోతే మొదటి లేబుల్ ముచ్చటగా ఉంటుంది, మూడోది కాస్త జారుతుంది, పదోదానికి సగం అక్షరాలు పక్క లేబుల్ మీద పడతాయి. ఒకటి బాగా వచ్చిందని సంబరపడి లేచిపోయేవాళ్లంతా ఇక్కడే దెబ్బతింటారు. వరసగా ఇరవై కొట్టండి. ఇరవయ్యోది చూడండి.

ఇక తెలుగు. ఈ బుల్లి ప్రింటర్లు చుక్కలతో రాస్తాయి. వీటిలో చాలావాటికి అంగుళానికి 203 చుక్కలు, అంటే మిల్లీమీటరుకి ఎనిమిది. మూడు మిల్లీమీటర్ల ఎత్తున్న వరసకి దక్కేవి 24. ఇంగ్లీషుకి అవి ధారాళం. మనకి పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు, ఆ పక్కన ఇంకో వత్తు, అన్నీ ఆ 24లోనే ఇరుక్కోవాలి. ద, ధ, థ పక్కపక్కన కొట్టండి. ధ కింది గీత, థ కడుపులోని చుక్క విడిగా కనబడుతున్నాయా? వేడి ఎక్కువ పెడితే ఆ చుక్క పూడిపోతుంది, తక్కువ పెడితే గీత ఎగిరిపోతుంది. బ, భ కొట్టండి. తర్వాత అసలు పరీక్ష: జ్యోత్స్న, లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, కృష్ణుడు. ‘జ్యోత్స్న’లో త కింద స వత్తు, న వత్తు రెండూ నిలబడ్డాయంటే ఆ ఫాంటు, ఆ ఆప్, ఆ ప్రింటరు మూడూ మనకి పనికొస్తాయి. ‘లక్ష్మి’ని ల, క్, ష్, మి అని ముక్కలుగా విడగొట్టి కొట్టిందంటే దానికి వత్తులు కట్టడం రాదన్నమాట. ‘సాఫ్ట్‌వేర్’ కూడా వేసి చూడండి. ఫ్ట్ తర్వాత వ ని వత్తుగా మారకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. కొన్ని ఆప్‌లు దాన్ని మింగేస్తాయి, కొన్ని దాని బదులు డబ్బా బొమ్మ పెడతాయి.

తప్పులొస్తే ఆప్‌ని తిట్టుకుంటూ కూర్చోకండి. మామూలుగా ప్రింటరు సొంత ఫాంట్లలో తెలుగు ఉండదు. ఫోన్‌లో తెలుగు సరిగ్గా కనబడే చోట రాసి, దాన్ని బొమ్మగా తీసి, ఆ బొమ్మని ప్రింటరుకి పంపండి. బొమ్మయితే వత్తులు చెదరవు. ఫాంట్లకి కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన ‘పోతన’ ఉంది, సిలికానాంధ్ర ఉచితంగా వదిలిన వరస మొత్తం ఉంది. చిన్న లేబుల్‌కి ‘మండలి’ లాంటి సాదా ఫాంటు మేలని నా అభిప్రాయం. ‘రామభద్ర’ బ్యానరు మీద దర్జాగా ఉంటుంది కానీ, చిన్నగా కొడితే లోపలి సున్నాలన్నీ పూడుకుపోతాయి.

కాగితానికీ పరీక్ష పెట్టండి. సిరా లేని ఈ లేబుళ్లు వేడికి నల్లబడే మందు పూసిన కాగితాలు. వేడితో వచ్చిన అక్షరానికి వేడే శత్రువు. జులై ఎండలో కారు అద్దం వెనక వదిలేస్తే కాగితం మొత్తం మసిబారొచ్చు. నేతి చెయ్యో, శానిటైజరు తడో తగిలితే అక్షరం పాడవుతుంది. అంటే మన వంటింట్లో దానికి బతుకు కష్టం. జాడీకి, సీసాకి పైన ప్లాస్టిక్ పొర ఉండే టేపు వాడండి. జనవరిలో మిషిగన్ గ్యారేజీ సంగతి వేరే చెప్పాలా? గడ్డకట్టిన డబ్బాకి మామూలు జిగురు పట్టదు. లోపలికి తెచ్చి, తడి తుడిచి, వెచ్చబడ్డాక అంటించండి. ఆ చలికి ప్రింటరు బ్యాటరీ కూడా నీరసిస్తుంది, కోటు లోపలి జేబులో పెట్టుకెళ్లండి.

ఎక్కడ అంటించాలి? టాఫ్ట్ రోడ్డు మీద శ్రీ వేంకటేశ్వర ఆలయం మీకు తెలుసు. ఏ గుడికైనా, ఏ సంఘం పిక్నిక్‌కైనా పొట్లాలు కట్టే చేతులు కావాలి, అక్కడ మొదలుపెట్టండి. పులిహోర పొట్లం తీసుకోండి. అందులో పల్లీలుంటాయి, జీడిపప్పు ఉండొచ్చు, కొందరు నువ్వులపొడి వేస్తారు, ఇంగువ ఉంటుంది. అమెరికా ఆహార చట్టం ప్యాకెట్ల మీద తప్పక చెప్పాలన్న ఎలర్జీ పదార్థాలు తొమ్మిది. తొమ్మిదోదిగా నువ్వులు చేరింది 2023 జనవరి 1 నుంచి. చట్టం ప్రసాదానికి వర్తిస్తుందా అన్న వాదన లాయర్లకి వదిలేద్దాం. పల్లీ పడని పిల్లాడికి లాయరు అక్కర్లేదు, లేబుల్ కావాలి. ఇంగువ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొట్లో దొరికే చాలా ఇంగువ డబ్బాల్లో గోధుమపిండి కలిపి ఉంటుంది. గోధుమ పడనివాళ్లు అన్నమే కదా అని పులిహోర తింటారు. వంట చేసిన పిన్నిగారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ డబ్బా ఇంగువ వేశారో అడిగి, డబ్బా వెనక చదివి, అప్పుడు కొట్టండి. తెలుగులో ఒక వరస, ఇంగ్లీషులో ఒక వరస. వడ్డించే బామ్మగారికీ తెలియాలి, తినే పిల్లాడి స్నేహితుడికీ తెలియాలి.

ఇండియా నుంచి ఆర్నెల్లకి వచ్చిన తాతగారి మందుల దగ్గర ఇంకా జాగ్రత్త. ఫార్మసీ వాళ్ల లేబుల్ మీద మనది ఎప్పుడూ అంటించొద్దు, మూత మీద అంటించండి. ‘బీపీ, పొద్దున, టిఫిన్ తిన్నాక’. అంతే చాలు. పెద్ద అక్షరాలు, తక్కువ మాటలు. అంటించేముందు అమ్మకి చూపించి సరిచూసుకోండి. ఇక్కడ పొరపాటుకి చోటు లేదు.

పుస్తకాలున్నాయి. డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుంచీ పుస్తకాలు చదివి చర్చిస్తూ వస్తోంది. మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో ఎన్ని తెలుగు పుస్తకాలు అటకల మీద ఉన్నాయో! వాటిని ఇంగ్లీషు స్పెల్లింగులో జాబితా కడితే విశ్వనాథ ఒకచోట ఎస్‌తో, ఒకచోట ఎస్‌హెచ్‌తో వచ్చి ఇద్దరు మనుషులవుతారు. పుస్తకం వెన్ను మీద తెలుగులో పేరు కొట్టి, అ ఆ ఇ ఈ వరసలో పేర్చితే ఆ గొడవ ఉండదు. పనిలో పనిగా మీకు అక్షరమాల వరస కంఠతా వస్తుంది. ఇది మీ మనబడి తెలుగు టీచరుకి చెప్పకండి, హోంవర్కు కింద రాసేస్తారు.

‘తెలుగు చదివేవాళ్లెవరు ఇక్కడ’ అంటారు మీలో కొందరు. మీరే సగం మంది తడుముకుంటూ చదువుతారు, నాకు తెలుసు. తడుముకునే కళ్లకే రోజూ ఎదురుపడే రెండు మాటలు కావాలి. పండగకి పండగకి కనబడే పద్యం కన్నా, ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా కనబడే ‘గోంగూర’ ఎక్కువసార్లు చదువుతారు. తప్పు రాస్తామేమోనన్న భయం వద్దు. తప్పు రాస్తే పీకేసి ఇంకోటి కొట్టొచ్చు, లేబుల్ అందుకే కదా.

ఒక్క ప్రింటరు నలుగురికి సరిపోతుంది. డబ్బులు పోగేసి కొనుక్కోండి, వంతులవారీగా వాడుకోండి. పరీక్ష మాటల కాగితం ఒకటి పెట్టెలోనే దాచండి. ఆప్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఆ మాటలు మళ్లీ కొట్టి చూడాలి, మొన్న కట్టిన వత్తుని ఇవాళ విరగ్గొట్టి ఉండొచ్చు. విరగ్గొడితే ఆ లేబుల్ ఫొటో తీసి, ఏ మాట ఎలా రావాలో ఎలా వచ్చిందో రాసి, ఆప్ చేసినవాళ్లకి పంపండి. సరిచేసేదాకా వదలకండి. అన్నీ అయ్యాక మొదటి లేబుల్ తీసుకెళ్లి అమ్మమ్మకివ్వండి, కళ్లజోడు లేకుండా చదవమనండి. ఆవిడ ఎక్కడైనా ఆగిందా, అక్షరం ఇంకో మిల్లీమీటరు పెంచి మళ్లీ కొట్టండి.