గుప్పెడు నువ్వులు... దోసెడు నీళ్లు

వినాయకుణ్ని నిమజ్జనం చేసి వస్తారు. వీధుల్లో పందిళ్లు విప్పేస్తారు. భాద్రపద పున్నమి వెళ్లిన మర్నాటి నుంచి ఊళ్లో సందడి తగ్గిపోతుంది. పెళ్లి మాటలుండవు, గృహప్రవేశాలుండవు. కొత్త బండి కొనాలనుకున్నవాళ్లు కూడా 'దసరా రానీ, చూద్దాం' అంటారు. అలాగని అవి చెడ్డ రోజులేం కావు. ఇంట్లోంచి వెళ్లిపోయిన పెద్దల కోసం పక్కన పెట్టిన రోజులు. వారి తలపుల మధ్య మరో వేడుక ఎందుకని మిగతా పనులు వాయిదా వేసుకుంటారు. అదే మహాలయ పక్షం.

బహుళ పాడ్యమి నుంచి అమావాస్య దాకా ఈ పక్షం సాగుతుంది. తండ్రి ఏ తిథినాడు పోతే ఈ పక్షంలో ఆ తిథినాడు ఆయన్ని తలచుకుని పెట్టుకోవడం ఆనవాయితీ. కొన్ని రోజులకు ప్రత్యేకత ఉంది. ముత్తైదువుగా కన్నుమూసిన తల్లికి నవమి. సన్యాసం తీసుకున్నవారికి ద్వాదశి. ఆయుధం దెబ్బకో, ప్రమాదంలోనో అర్ధంతరంగా వెళ్లిపోయినవారికి చతుర్దశి. తిథి తెలియకపోయినా, కుదరకపోయినా చివరి రోజు అమావాస్య ఉండనే ఉంది. ఎవరి చావు ఎలా వచ్చినా, వారిని తలచుకునేందుకు ఒక రోజంటూ ఉండాలన్నది ఈ ఏర్పాటులోని ఆలోచన.

ఆ అమావాస్యను తెలంగాణలో పెత్రమాస అంటారు. పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు దానమిస్తారు. సాయంత్రం అదే వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పోయినవారికి దణ్ణం పెట్టిన చేతులే పూలు పేరుస్తాయి. కోస్తా పల్లెల్లో చాలా ఇళ్లలో పెద్దల పండుగ అంటే సంక్రాంతే. కొత్త బట్టలు పెద్దల పటాల ముందు పెట్టి, వారికి ఇష్టమైనవన్నీ వండి విస్తరి వేసి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు కట్టుకుంటారు. తాతకు చేపల పులుసు ఇష్టమైతే విస్తట్లో చేపల పులుసే ఉంటుంది. మంత్రం ఉన్న ఇంట్లోనూ, లేని ఇంట్లోనూ భావం ఒక్కటే.

ఈ పక్షం గురించి కర్ణుడి కథ ఒకటి పెద్దలు చెబుతుంటారు. స్వర్గానికి వెళ్లిన కర్ణుడికి ఆకలి వేసిందట. ఏది ముట్టుకున్నా బంగారమే అవుతోందట. బతికినన్నాళ్లూ బంగారం దానం చేశాడు కానీ పితరుల పేర పట్టెడన్నం పెట్టలేదు కదా, అందుకే ఇలా జరిగిందన్నారట. పక్షం రోజులు భూమ్మీదకు వచ్చి అన్నదానం చేసి వెళ్లాకే అతడి ఆకలి తీరిందని కథ. బంగారం ఎంతున్నా ఆకలికి అన్నమే కావాలన్నది ఇందులోని కీలకం.

ముత్తాత పేరేమిటి?

తర్పణానికి కావలసినవి చాలా తక్కువ. దర్భలు, నువ్వులు, నీళ్లు. దక్షిణ దిక్కుగా తిరిగి, జంధ్యం ఉన్నవారు దాన్ని కుడి భుజం మీదికి మార్చుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నువ్వుల నీళ్లు వదులుతారు. తండ్రి వసువు, తాత రుద్రుడు, ముత్తాత ఆదిత్యుడు అన్న భావనతో మూడు తరాల పేర్లూ చెప్పాలి. తల్లి, నానమ్మ, నానమ్మకు అత్తగారు... వారి పేర్లూ చెప్పాలి. అమ్మ తరఫు తాతలనూ తలచుకోవాలి.

చాలామంది తడబడేది ఇక్కడే. పురోహితుడు 'ముత్తాతగారి పేరు?' అని అడగ్గానే కొడుకు తల్లి వైపు చూస్తాడు. ఆవిడ పెద్దత్తకు ఫోన్ చేయమంటుంది. నానమ్మ వైపు ముత్తవ్వ పేరైతే అసలు ఎవరికీ గుర్తుండదు. ఆమెను అందరూ ఏదో ముద్దుపేరుతోనో, ఊరి పేరుతోనో పిలిచి ఉంటారు. ఒక మనిషి అరవై, డెబ్బై ఏళ్లు బతికి, పిల్లల్ని పెంచి, పొలం మిగిల్చి వెళ్లిపోతే, మూడో తరానికల్లా పేరు కూడా మిగలని పరిస్థితి. ఏడాదికోసారి ఆ పేర్లు పైకి పలికించడమే ఈ కర్మ చేసే పెద్ద మేలు. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి, ఓ నోటు పుస్తకంలో రెండు వైపుల పేర్లూ, గోత్రాలూ, తిథులూ రాసి పెట్టుకుంటే మంచిది. వాళ్లు వెళ్లిపోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

గయదాకా వెళ్లలేకపోతే?

బీహార్‌లోని గయలో, ఫల్గుణీ తీరంలో పిండం పెట్టాలని ఎందరికో కోరిక. అక్కడి విష్ణుపాద ఆలయాన్ని ఇప్పుడున్న రూపంలో 1787లో కట్టించింది ఇండోర్ రాణి అహల్యాబాయి హోల్కర్. తరతరాలుగా యాత్రికుల పేర్లు రాసిపెట్టుకున్న పండాల పుస్తకాల్లో తాతగారి చేతిరాత కనిపించి కళ్లు చెమర్చినవారూ ఉన్నారు. అంతదూరం వెళ్లలేని తెలుగువారికి పిఠాపురం ఉంది. గయాసురుడి శిరస్సు గయలో, నాభి ఒడిశాలోని జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో ఉన్నాయని పురాణగాథ. అందుకే అది పాదగయ. అక్కడి కుక్కుటేశ్వరుడి సన్నిధిలోని పుష్కరిణి దగ్గర పిండప్రదానాలు జరుగుతాయి.

అదీ కుదరనివారి మాటేమిటి? ఇంట్లో ఏ చిక్కు వచ్చినా 'పితృదోషం' అని భయపెట్టి వేలకు వేలు లెక్క చెప్పేవారికి కొదవ లేదు. పెద్దలకు పెట్టకపోతే పిల్లలకు కీడు జరుగుతుందన్న బెంగతో అప్పు చేసేవారూ ఉన్నారు. శాస్త్రం మాత్రం ఇంత కటువుగా లేదు. విష్ణు పురాణంలో ఔర్వ మహర్షి సగర చక్రవర్తికి ఈ సంగతే చెబుతాడు. విందు పెట్టలేనివాడు శక్తికొద్దీ ధాన్యం ఇవ్వొచ్చు. అదీ లేకపోతే గుప్పెడు నువ్వులు. అదీ కాకపోతే ఏడెనిమిది నువ్వుగింజలు కలిపిన దోసెడు నీళ్లు. లేదంటే ఆవుకు ఒక రోజు గడ్డి. ఏదీ లేనివాడు అడవిలోకి వెళ్లి రెండు చేతులూ పైకెత్తి, తన దగ్గర ధనం లేదనీ, భక్తి మాత్రమే ఉందనీ, దానితోనే తృప్తి పొందమనీ పితరులను వేడుకుంటే చాలు. చేతగానితనం పాపం కాదని ఇంతకంటే మెత్తగా ఎవరు చెప్పగలరు?

మనుస్మృతి ఇంకో అడుగు ముందుకు వేసి, ఉన్నవాడైనా సరే శ్రాద్ధానికి జనాన్ని పోగేయవద్దంటుంది. దేవతల తరఫున ఇద్దరు, పితరుల తరఫున ముగ్గురు భోక్తలు చాలట. గుంపు పెరిగితే మర్యాద, శుచి, వేళ అన్నీ దెబ్బతింటాయి. ఆ రోజున ఉండవలసిన మూడు గుణాలనూ చెబుతుంది. శుచి, కోపం లేకపోవడం, తొందర లేకపోవడం. భోక్తలకు వడ్డిస్తూ గడియారం చూసుకునేవారు, గారెలు ఆలస్యమయ్యాయని భార్య మీద విసుక్కునేవారు ఈ మాట కాస్త ఆలకించాలి.

కూతుళ్లూ, కావలసినవాళ్లూ...

శ్రాద్ధంలో పవిత్రమైనవిగా చెప్పే మూడింటిలో నువ్వులు, మధ్యాహ్నపు కుతప కాలంతో పాటు మూడోది కూతురి కొడుకు. మహాలయ అమావాస్య మర్నాడు, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమినాడు, దౌహిత్రుడు తన మాతామహుడికి పెట్టే ఆచారం ఉంది. మేనమామలు ఉన్నా సరే పెట్టవచ్చు. అమ్మానాన్నలకు తామే తలకొరివి పెట్టి, ఏటా తలచుకుంటున్న కూతుళ్లు ఇప్పుడు ఊరూరా కనిపిస్తున్నారు. కొడుకులు లేరన్న దిగులు పెట్టుకోవలసిన అవసరం లేదని ఇలా రుజువవుతూనే ఉంది.

మహాలయంలో తల్లిదండ్రులతోనే ఆగిపోరు. పినతండ్రులు, మేనత్తలు, అత్తమామలు, చదువు చెప్పిన గురువు, స్నేహితుడు... అందరినీ పేరుపేరునా తలచుకోవచ్చు. తర్పణం ముగిశాక తడిబట్ట పిండి వదిలే నీళ్లు, ఆ వంశంలో పుట్టి బిడ్డలు లేకుండా వెళ్లిపోయినవారికి. పెళ్లి కాకుండానే పోయిన అత్త, చిన్నప్పుడే జ్వరంతో కన్నుమూసిన బాబాయి... ఎవరూ తలచుకోని వారికి కూడా ఒక్క గుక్క అందాలన్న దయ అది.

ఈ దయ బతికున్నవారి దాకా రాకపోతే మాత్రం దండగే. తల్లిదండ్రులను పిల్లలు పోషించి తీరాలని 2007లో చట్టమే చేయవలసి వచ్చింది. పోయాక పరమాన్నం పెట్టేవాడు, ఉన్నప్పుడు పక్కన కూర్చుని పెరుగన్నం తినిపించి ఉంటే ఆ పిండానికి అర్థముంటుంది. శ్రద్ధతో చేసేది కనుకే శ్రాద్ధమన్నారు. ఈ మహాలయ పక్షంలో పటానికి దండ వేసే ముందు, వసారాలో కూర్చున్న నానమ్మను ఓసారి పలకరించండి. ముత్తవ్వ పేరేమిటో ఆవిడకు తప్పకుండా తెలిసే ఉంటుంది.