దగ్గుకీ నెలసరికీ ఏం సంబంధం?

నెలసరి రోజుల్లోనే బొడ్డులోంచి నెత్తురు కారే స్త్రీలున్నారు. ఆ రోజుల్లోనే దగ్గితే రక్తం పడేవాళ్ళూ, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తేవాళ్ళూ ఉన్నారు. రక్తం నాలుగు రోజుల్లో ఆగిపోతుంది, నెల తిరిగేసరికి మళ్ళీ మొదలవుతుంది. ఇలా తిథి చూసుకుని వచ్చే జబ్బును గాలి సోకిందనో, ఎవరో చేయించారనో అనుకోవడంలో వింతేమీ లేదు. తాయెత్తు కడితే తగ్గుతుంది కూడా. కట్టకపోయినా తగ్గేదేనా అని మాత్రం ఎవరూ చూడరు.

ఇది ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఉంటుంది. చాలామందికి పొత్తికడుపులోనే, అరుదుగా బొడ్డులో, సిజేరియన్ మచ్చలో, ఛాతీలో. బొడ్డులో వచ్చేదాన్ని విల్లార్ అనే వైద్యుడు 1886లోనే వర్ణించాడు. ఛాతీలో వస్తే ఎక్కువగా కుడివైపే. పొట్టలోని ద్రవం కుడి పక్కగా పైకి పాకి, కాలేయం మీదుగా, పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే ఉదరవితానానికి (డయాఫ్రమ్) చేరుతుంది. దాంతోపాటు కణాలూ చేరతాయని, అక్కడ చిల్లులు పడతాయని ఒక వివరణ. అన్ని కేసులకూ అది సరిపోదు. అయితే ఆ కణజాలం ఎక్కడున్నా హార్మోన్ల మాటే వింటుంది, అందుకే నెలసరితోపాటే నెత్తురు కారుస్తుంది.

మన దేశంలో దగ్గులో రక్తం కనిపిస్తే ముందు టీబీని అనుమానించడం సబబే. కానీ కఫం పరీక్షలో ఏమీ దొరకనప్పుడు, నెల మధ్యలో తీసిన స్కాన్ శుభ్రంగా ఉన్నప్పుడు, ఇక మిగిలే పెద్ద ఆధారం తేదీ. మన ఆచారం నోరు నొక్కేది సరిగ్గా అక్కడే.

చిత్రమేమిటంటే, ఆ తేదీ ఇంటిల్లిపాదికీ తెలుసు. పూజగదిలోకి రానివ్వకూడదు కదా! వ్రతానికి అడ్డురాకుండా నెలసరిని వాయిదావేసే మాత్రలు కొనుక్కొచ్చేంత కచ్చితంగా లెక్క కడతారు. దేవుడి దగ్గర అంత లెక్క చెప్పే ఇల్లు డాక్టరు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తుంది. పక్కన మామగారుంటే ఆ ప్రస్తావనే రాదు. డాక్టరూ అడగడు, ఊపిరితిత్తుల డాక్టరు కదా.

మైల భావన పల్లెల అజ్ఞానమని తీసిపారేయకండి. నెలసరిలో ఉన్న స్త్రీ చేతిలో పూలు వాడిపోతాయని, ఆమెలో ఏదో విషం ఉందని 1920లో ప్రకటించినవాడు బేలా షిక్, డిఫ్తీరియా పరీక్షతో పేరుపొందిన వైద్యుడు. తరవాత ఆ విషం నిలబడలేదు. సైన్సు తన తప్పును పరీక్షించి వదిలేసింది. మన ఇళ్ళల్లో ఆవకాయ జాడీ మాత్రం ఇంకా ముట్టుకోనివ్వరు.

“పెళ్ళయితే తగ్గుతుంది, ఒక బిడ్డ పుడితే సర్దుకుంటుంది” అన్న సలహా కూడా ఈ కోవదే. గర్భంతో నెలసరి ఆగినన్నాళ్ళు బాధ తగ్గవచ్చు, జబ్బు నయం కాదు. హార్మోన్ మందులు, అవసరమైతే శస్త్రచికిత్స ఉన్నాయి.

రక్తం పడిన తేదీ, నెలసరి తేదీ పక్కపక్కన రాసుకుని డాక్టరుకు చూపించండి. ఆయన అడగకపోతే మీరే చెప్పండి.