కల్లు చెడిపోయిందా, మనం చెడగొట్టామా?

బీరు చేసేవాళ్లు ఈస్టు ఏరి కొని వేస్తారు. మన తాటికల్లుకి ఆ ఖర్చు లేదు, నిన్నటి లొట్టి అడుగు మడ్డిలోనే ఉంటుంది. చెట్టు మీదే పులియడం మొదలవుతుంది. పొద్దున తీపి, ఎండెక్కితే ఘాటు, సాయంత్రానికి పులుపు. లొట్టి లోపల సున్నం రాస్తే పులియదు, అదే నీరా.

పోయిన వేసవిలో మా చేలో పనికొచ్చినాయన మందు కలిపిన కల్లు తాగి గట్టు మీదే పడిపోయాడు. తప్పు అమ్మినవాడిదే అనకండి. సాయంత్రం కూడా తియ్యగా ఉండాలి, కిక్కు రెట్టింపు కావాలి అన్నది మనమే కదా!

తాగేవాళ్లు పొద్దున్నే, కళ్లముందు దించిందే తాగండి. చేపల చెరువుల కోసం గట్ల మీద తాడిచెట్లు కొట్టేయకండి. చెట్టు పోతే మిగిలేది కల్తీనే.