కూతకు కోట్లు, పట్టుకు చిల్లర

కబడ్డీ ఆటగాళ్ళ వేలం సమీపించిందంటే చాలు, మా ఉప్పాడ కుర్రకారు అంకెలు వల్లించడం మొదలుపెడతారు. ఏ రైడరు ఎన్ని పాయింట్లు తెచ్చాడు, ఏ జట్టు ఎవరిని వదులుకున్నది, మన తెలుగు టైటాన్స్ ఈసారి ఎవరిని పాడుకోవాలి అన్నదే చర్చ. ఒకప్పుడు పదమూడో ఎక్కం దగ్గర తడబడినవారు సైతం రైడ్ పాయింట్లు తడుముకోకుండా చెబుతూ ఉంటే, బడిపంతులుగా జీవితం గడిపిన నాకు ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ చర్చకు పునాదిలోనే ఒక దోషమున్నదని నా అభిప్రాయం. రైడ్ పాయింటును మనం ఒక వ్యక్తి స్వార్జితంగా లెక్కిస్తున్నాము. నిజానికి అది ఏడుగురి ఉమ్మడి ఆస్తి.

ముందుగా మాటల సంగతి. రైడ్‌కు మన చెడుగుడులో ఉన్న పేరు కూత. ట్యాకిల్‌కు ఉన్న పేరు పట్టు. కూత పదిమందికీ వినబడుతుంది, పట్టు మూగది. లోకంలో వినబడేదానికే వెల ఎక్కువ.

ఇక ఆట నడక చూడండి. నలభై నిమిషాల ఆటలో ఒక్కొక్క కూతకు గరిష్ఠంగా ముప్పై సెకన్లు. అనగా ఒక పక్షానికి ఇంచుమించు నలభై కూతలు. రైడరు పట్టుబడితే బయటకు పోయి కూర్చోవాలి. తిరిగి లోపలికి రావాలంటే అతని ప్రతిభ అక్కరకు రాదు. తోటివాడెవడో ఎదుటివానిని అవుట్ చేయాలి. అప్పుడు గాని, అదియును బయటకు వెళ్ళిన వరుసలోనే, అతనికి పునఃప్రవేశం లేదు. పట్టు పట్టేవారు బలహీనులైతే ఎంతటి ఘనుడైనా బల్లమీద కూర్చుని చూడవలసిందే. ఆ కూర్చున్న కాలం పాయింట్ల పట్టికలో ఎక్కడా కనబడదు.

ఇంకొక సూక్ష్మమున్నది. ఎదుటి పక్షాన ఆరుగురు లేక ఏడుగురు ఉన్నపుడు బోనస్ గీత దాటితే ఒక పాయింటు వస్తుంది. కాని ఆ పాయింటుతో ఎదుటివాడెవడూ బయటకు పోడు, మనవాడెవడూ లోపలికి రాడు. తాకి తెచ్చిన పాయింటు ఆ రెండు పనులూ చేస్తుంది. పట్టికలో మాత్రం రెండూ ఒకే గంపలో పడతాయి. కనుక ఇద్దరు రైడర్ల పేర్ల ఎదుట ఒకే అంకె ఉన్నంత మాత్రాన ఇద్దరూ సమానులు కారు.

దీనికి ఉదాహరణ వెదకుతూ దూరం పోనక్కరలేదు. టైటాన్స్ 2019 వేలంలో సిద్ధార్థ్ దేశాయిని 1.45 కోట్లకు పాడుకున్నారు. ఆ ఏటి వేలంలో అదే అత్యధికం. అయినా జట్టు ప్లేఆఫ్స్ చేరలేదు. 2023లో పవన్ సెహ్రావత్‌ను 2.605 కోట్లకు తెచ్చుకున్నారు. అప్పటికి ప్రొ కబడ్డీ చరిత్రలోనే అంత ధర పలికినవారు లేరు. ఒక జట్టు మొత్తం ఖర్చుకు విధించిన పరిమితి 5 కోట్లు. సగానికి పైగా ఒక్కనికే పోయినది. పవన్ తన మాట నిలుపుకున్నాడు. ఆ సీజనులో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. తప్పెవరిది? పద్మవ్యూహంలో అభిమన్యుని పరాక్రమానికి లోటు లేదు. వెంట రావలసినవారిని సైంధవుడు ద్వారం దగ్గరే నిలిపివేశాడు. ఓటమికి అభిమన్యుని నిందించేవాడు భారతం సగమే చదివినవాడు.

మా కుర్రవాడొకడు నాతో వాదించాడు: "మాస్టారండీ, లెక్క లెక్కేనండీ. 2017లో ప్రదీప్ నర్వాల్ ఒక్కడే 369 రైడ్ పాయింట్లు కొట్టాడు, పాట్నా కప్పు తీసుకుపోయింది. పెద్ద రైడరుంటే చాలదాండీ?" మంచి ప్రశ్నే. నా సమాధానం ఇది. 369 పాయింట్లు తేవాలంటే అన్ని కూతలకు అతడు లోపల ఉండి తీరాలి. పట్టుబడిన ప్రతిసారీ అతనిని వెంటనే లేపి తెచ్చినవారు ఉండబట్టే ఆ అంకె అంత పెరిగింది. ప్రదీప్ గొప్పతనానికి అది సాక్ష్యమే. అతని తోటివారికి కూడా సాక్ష్యమే.

ఎదుటి ఉదాహరణ చూడండి. అదే 2023 వేలంలో పుణేరి పల్టన్ 2.35 కోట్లు పెట్టి ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూయిని తీసుకున్నది. ఆల్‌రౌండరని పేరేగాని, అతని ఖ్యాతి ఎడమ మూల పట్టుకే. పుణే కప్పు గెలిచింది. మరుసటి ఏడు హర్యానా స్టీలర్స్ 2.07 కోట్లకు అతనినే తీసుకుని 2024లో విజేత అయినది. అయితే పట్టుగాడిని కొంటే చాలునన్న కొత్త మంత్రం జపించకండి. 2025లో గుజరాత్ జెయింట్స్ 2.23 కోట్లు పెట్టినా కప్పు రాలేదు. ఆ ఏడే పవన్ లేని టైటాన్స్, విజయ్ మాలిక్ నాయకత్వంలో, భరత్ కూతల అండతో, ప్లేఆఫ్స్‌లో క్వాలిఫయర్-2 దాకా వెళ్ళినారు.

కనుక రాబోయే వేలానికి మన ప్రశ్నలు మారాలి. ఎన్ని పాయింట్లు తెచ్చాడని కాక, ఎన్ని కూతలకు తెచ్చాడు, ఎన్నిమార్లు పట్టుబడ్డాడు, అందులో బోనస్ ఎంత, అతడు బల్లమీద ఉన్నపుడు జట్టు ఎన్ని పాయింట్లు పోగొట్టుకున్నది, అతనిని లేపి తెచ్చే మూల ఆటగాళ్ళు, కవర్లు ఎవరు అని అడగాలి. మా ఊరి జామ్దానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఒక వైపు పువ్వును మాత్రమే చూసి చీరకు వెల కట్టే వ్యాపారి ఇక్కడ బ్రతకలేడు.

ఇదంతా కోటీశ్వరుల వేలానికి సంబంధించిన గొడవ, మనకెందుకని అనవచ్చును. నా బెంగ వేలం గురించి కాదు, పిల్లల గురించి. బడి మైదానంలో జట్లు వేసుకునేటపుడు ప్రతివాడూ "నేను కూతకు వెళతానండీ" అనేవాడే. మూలన నిలబడి చీలమండ పట్టుకోవడానికి ఒక్కడూ ముందుకు రాడు. మోకాళ్ళు గీరుకుపోయేది వానికి, చప్పట్లు మరొకనికి. పెద్దలమైన మనం టీవీ ముందు కూర్చుని రైడర్ల అంకెలే వల్లిస్తూ ఉంటే పిల్లవాడు నేర్చుకునే పాఠం అదే. పట్టు నేర్పని ఊరినుండి జట్టు పుట్టదు. కూత ఎంత దూరం వినబడినా, ఊపిరి ఆగేదాకానే. ఆపైన ఆట నిలబెట్టేది పట్టే.