ముందు పానా తిప్పండి, తర్వాతే పైసలు తియ్యండి



దుబాయ్‌లో క్యాంపు నుంచి సైటుకు సైకిలు మీద పోయే మనవాళ్లు చాలామంది అడుగుతున్న మాట ఒక్కటే: "నడుము నొస్తుంది, మోకాళ్లు గుంజుతున్నయి. మెత్తటి సీటు వేయించాలా, హ్యాండిలు ఎత్తు చేయించాలా?" కొందరేమో "కష్టపడ వచ్చినోళ్లం, మనకు సుఖమెందుకు" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. రోజంతా ఇనుము మోసే మోకాళ్లు అవి. పాడైతే డ్యూటీ పోతుంది, ఇంటికి పంపే పైసలు ఆగుతాయి. బాగు చేసుకోవాల్సిందే. కానీ ముందు చేయాల్సింది కొనుడు కాదు, సరిచేసుడు.

సీటు ఎత్తు చూడండి. సీటు మీద కూర్చుని, కిందికి ఉన్న పెడలు మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగుతుంది. అదే సరైన ఎత్తు. సీటు కిందికి ఉంటే మోకాలు ముందువైపు, మరీ పైకి ఉంటే వెనకవైపు నొస్తుంది. సెకండ్ హ్యాండ్ సైకిలు కొని, పాత ఓనరు ఎత్తులోనే తొక్కితే నొప్పి రాక ఏమవుతుంది? సీటు గొట్టం మీద గీత ఉంటుంది, అది బయటపడేదాకా మాత్రం లాగొద్దు. చేతులు తిమ్మిరెక్కితే సీటు ముక్కు కిందికి వాలిందేమో చూడండి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కన రాసి ఉంటుంది, ఆ లెక్కనే కొట్టించండి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

ఒక వారం తొక్కి చూడండి. అప్పటికీ నొస్తే సీటు మార్చుకోండి. మరీ మెత్తటిది వద్దు. కాసేపు బాగుంటుంది, దూరం పోతే ఒంటికి ఒరుసుకుంటుంది. హ్యాండిలుకు వెల్డింగు పెట్టించొద్దు. పలుచని గొట్టం, అతుకు దగ్గర విరిగితే పడేది మీరే. మోటారు కిట్టు కూడా వద్దు. మీ బ్రేకులు ఆ స్పీడుకు చేసినవి కావు.

సీటుకంటే ముందు లైట్లు, బ్రేకులు చూసుకోండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, హెల్మెట్, మెరిసే జాకెట్ ఇక్కడ రూలు. గంటకు 60 కిలోమీటర్లకు పైన స్పీడు లిమిట్ ఉన్న రోడ్డు ఎక్కొద్దు. చీకట్లో వెనక వచ్చే ట్రక్కు డ్రైవరుకు మీ మెత్తటి సీటు కనబడదు, ఎర్ర లైటు కనబడుతుంది.

ఈ శుక్రవారం రూములో ఒక పానా సంపాదించి, అందరి సైకిళ్లూ వరుసగా చూసుకోండి.