తోడెవరు?

మొన్న ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం చెన్నైలో విమానం ఎక్కి, శ్రీలంకలో నెగొంబో అనే ఊరికి వెళ్లి, రెండు రోజులు సముద్రం ఒడ్డున కూర్చుని, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాను. చేసిన ఘనకార్యం ఇంతే. కాని ఈ మాట పొక్కిన దగ్గర్నుంచీ మా వీధిలో నేనేదో నేరం చేసినదాన్నయి పోయాను.

"తోడెవరు?" అన్నారు పక్కింటి పిన్నిగారు.

"ఎవరూ లేరండీ, ఒక్కదాన్నే."

"అయ్యో! ఇంట్లో ఏమైనా గొడవా అమ్మాయ్?"

చూశారా! మొగుడితో పోట్లాడితే తప్ప ఆడది ఒంటరిగా గడప దాటదని ఆవిడ నమ్మకం. మా ఆడపడుచు ఫోను చేసి, "అన్నయ్య భోజనం ఎలా వదినా?" అంది. అన్నయ్యకి యాభై ఎనిమిదేళ్లు. కుక్కరు కూతలు లెక్కపెట్టడం వచ్చు. ఇంకొకావిడ, "చోద్యం కాకపోతే, ఒక్కదానివీ అక్కడ ఏం చేశావే?" అని ఆరా తీసింది. ఏమీ చెయ్యలేదు తల్లీ! ఏమీ చెయ్యకుండా ఉండడానికే వెళ్లాను.

ఇప్పుడు నేనొక ప్రశ్న అడుగుతాను. పిన్నిగారూ, నాలుగేళ్ల క్రితం మీ అమ్మాయి పురిటికి మీరు అమెరికా వెళ్లారు. అప్పుడు తోడెవరు? బాబాయిగారికి మోకాళ్ల నొప్పులని మిమ్మల్నొక్కరినే ఎక్కించారు. మీకు ఇంగ్లీషు రాదు. నడిదారిలో విమానం మారాలి. చేతిలో అల్లుడు రాసిచ్చిన కాగితం ముక్క, రెండు పెట్టెల నిండా ఆవకాయా, సున్నుండలూ. ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. ఈ వీధిలో ఒక్కరైనా "తోడెవరు?" అన్నారా? "అదృష్టవంతురాలు" అన్నారు. వెళ్లి ఆరు నెలలు వండిపెట్టి, పసిదానికి నీళ్లుపోసి వచ్చారు గనుక.

ఇంకాస్త ముందుకెళదాం. కోనసీమ నుంచీ, కడప జిల్లా నుంచీ ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లలేదు? పాలు మరిచీ మరవని పిల్లల్ని తల్లుల దగ్గర వదిలి, భాష తెలియని ఇళ్లకి ఒంటరిగా వెళ్లారు. వాళ్లకి తోడెవరని ఏ పెద్దమనిషి అడిగాడు? వాళ్లు పంపిన డబ్బుతో డాబాలు లేచాయి, పెళ్లిళ్లు జరిగాయి. శ్రీలంక ఆడవాళ్లదీ అదే కథ. నెగొంబోలో నేను దిగిన ఇంటావిడ అక్కగారు కూడా గల్ఫులో పదకొండేళ్లు పనిచేసి వచ్చిందట.

అంటే, ఆడది ఒంటరిగా వెళ్లడం మనకి అభ్యంతరం కాదన్నమాట. చాకిరీకైతే సప్తసముద్రాలూ దాటవచ్చు. సరదాకైతే గంటాపావు ప్రయాణానికి కూడా తోడు కావాలి!

"రోజులు బాగాలేవు" అంటారు. ఒప్పుకుంటాను. నేనూ దిగే చోటు చిరునామా ఇంట్లో రాసిపెట్టే వెళ్లాను. బేరమాడాకే ఆటో ఎక్కాను. చీకటి పడ్డాక నిర్మానుష్యంగా ఉన్న చోటికి పోలేదు. నైరుతి ఋతుపవనాల రోజుల్లో ఆ తీరంలో సముద్రం పోటెత్తి ఉంటుందని తెలుసుకుని, ఫిబ్రవరిలో వెళ్లాను. ఇది జాగ్రత్త. "అసలు వెళ్లనే వద్దు" అనేది కట్టడి. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం మానేద్దాం.

"కుటుంబంతో వెళ్లొచ్చుగా?" అంటారు. ఎన్నిసార్లు వెళ్లలేదూ! కుటుంబంతో వెళ్లడమంటే వంటిల్లు భుజాన వేసుకుని వెళ్లడం. పులిహోర పొట్లాలూ, ఆయన బి.పి. మాత్రలూ, అందరి తువ్వాళ్లూ మన సంచీలోనే. ఊటీ నుంచి నేను తెచ్చుకున్న జ్ఞాపకం ఏమిటంటే, హోటలు గదిలో తడిబట్టలు ఆరేసుకోవడం.

"డబ్బు దండగ" అంటారు. పండక్కి కొనుక్కునే కంచిపట్టు చీర మానేశాను. ఆ చీర కొని బీరువాలో దాచుకుంటే ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఇంతకీ అక్కడ ఏముంది? మన కాకినాడ ఒడ్డున ఉండేవే అన్నీ. ఇసుక మీద పరిచిన ఎండుచేపలూ, వాటి వాసనా, కొబ్బరిచెట్లూ. కాని మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఆ వేళ మనం పాలు పొంగకుండా కాపలా కాస్తూంటాం. నెగొంబో పడమటి తీరం. అక్కడ సముద్రంలోకి దిగుతాడు. యాభై మూడేళ్ల వయసులో, దీపాలవేళ దాటిపోతోందన్న తొందర లేకుండా, ఎర్రటి బింబం ఆఖరి అంచుదాకా మునగడం మొదటిసారి చూశాను. పెనం మీంచి దించిన అప్పం వేడివేడిగా నా పళ్లెంలో పడింది. ముప్పయ్యేళ్లుగా ఇంట్లో ఆఖరి అట్టూ, చల్లారిన అట్టూ నాదే కదా! నాకు కళ్లనీళ్లు తిరిగాయంటే నవ్వకండి.

ఆదివారం పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆ ఊరి జాలర్లలో ఎక్కువమంది కేథలిక్కులు. ఆదివారం వేటకి వెళ్లరట. సముద్రానికే వారానికొక రోజు సెలవుంది, మన వంటింటికి లేదు!

ప్రపంచంలో మొట్టమొదటి మహిళా ప్రధాని సిరిమావో బండారనాయకే 1960లో పదవి చేపట్టింది ఆ దేశంలోనే. నేను దిగిన విమానాశ్రయానికి మాత్రం ఆవిడ భర్తగారి పేరు. దేశాన్ని ఏలిన ఆవిడ సంగతే అలా ఉంటే, మనకి రెండు రోజులు ఎవరిస్తారు? అడిగితే ఇవ్వరు. తీసుకోవాలి. నెగొంబోయే కానక్కర్లేదు, బాపట్ల సూర్యలంక అయినా సరే. ఎవరికీ ఉపయోగపడని రెండు రోజులు.

ఇదంతా పిన్నిగారికి చెప్పాను. వినీ విననట్టు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. నాలుగు రోజులు పోయాక పిట్టగోడ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగారు.

"అమెరికాకని తీసిన పాస్‌పోర్టు ఇంకా చెల్లుతుందిటే?"

"బ్రహ్మాండంగా చెల్లుతుంది. కావాలంటే తోడు నేనొస్తాను పిన్నిగారూ."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "నువ్వెందుకే?" అన్నారు.