కాళ్ళక్రింది నిప్పు

పరదేశపు చమురుతో చలి కాచుకొను జాతికి శీతకాలము సైతము పరాధీనమే. ఈ సత్యమును గ్రహించి, గ్రహించినదానిని ఆచరణమున బెట్టినవారు ఐస్‌లాండు ప్రజలు.

ఆ చిన్న ద్వీపమునకు బొగ్గును చమురును ఓడలపై రావలసినవే. అయినను వారి కాళ్ళక్రిందనే వేడినీరు పొంగుచుండెను. రెయిక్యవీకు నగరపు స్త్రీలు తరతరములుగా ఆ యూటలలో బట్టలు మాత్రము ఉదుకుకొనిరి. 1908లో ఒక రైతు ఊటనీటిని గొట్టముద్వారా తన యింటికి తెచ్చుకొనెను. 1930లో సుమారు 3 కిలోమీటర్ల గొట్టము వేసి, ఒక పాఠశాలకును, ఆసుపత్రికిని, పదుల సంఖ్యలో ఇండ్లకును వేడి నందించిరి. ఒక్కని యుక్తి పౌరులందరి సొత్తయినది. 1973లో చమురు ధర మిన్నుముట్టగా ప్రభుత్వమే ఆ కార్యమును దేశమంతట విస్తరింపజేసెను. నేడచ్చట పదింట తొమ్మిది ఇండ్లు భూతాపముతోనే వెచ్చనగుచున్నవి.

ఎండలతో వేగు తెలుగువారికి ఈ ప్రసంగమేల యని కొందరనవచ్చును. మన దేశము కృష్ణా గోదావరీ తీరములతో ముగియదు గదా! లడఖ్ సీమలో శీతకాలపు రాత్రులు సున్నకు 20 డిగ్రీల దిగువకు జారును. కనుమలు దాటి లారీలపై వచ్చిన కిరసనాయిలును, కట్టెయు, పిడకయు అచ్చటి జనులకు దిక్కు. ఆ పొగ త్రాగువారు తల్లులును బిడ్డలును.

ఆ సీమలోనే పూగా లోయలో సముద్రమట్టమునకు 4,000 మీటర్లకు పైన నేల సలసల క్రాగుచున్నది. ప్రభుత్వమువారు అచ్చట బావులు తొలిచి పరీక్షించుట 1970 దశాబ్దపు మాట. ఒక మెగావాటు విద్యుత్తునకై ఒడంబడిక జరిగినది 2021 ఫిబ్రవరిలో. నడుమ అరశతాబ్దము ఆవిరియై పోయినది! దీనికి నేల దోషము గాదు. మన పట్టుదల లోపమే కారణము.

కర్తవ్యము స్పష్టము. ఊటల చెంతనున్న పల్లెలకును సైనికుల బసలకును వేడినీటినే గొట్టములద్వారా ఇయ్యవలయును. దూరమున నున్న లేహ్ పట్టణమునకు విద్యుత్తు నంపి, హీట్ పంపులు నడుపవలయును. కొలది మీటర్ల లోతున భూమి గాలియంత చల్లబడదు. ఆ వేడిని ఈ యంత్రము పైకి తోడి, తాను తిన్న విద్యుత్తునకు మూడింతల వేడి నీయగలదు. అయితే గోడలు వేడిని నిలుపనిచో ఇదంతయు చిల్లికుండలో నీరు పోయుటయే. లడఖ్ వాసులు పూర్వమునుండి కట్టుకొను మందపు మట్టిగోడలను, ఎండకు తెరచిన దక్షిణపు కిటికీలను విడనాడి, పలుచని సిమెంటు గోడలు లేపుట అభివృద్ధి గాదు. గంధకమును టంకణమును గలసిన పూగా నీటిని వాడిన పిమ్మట మరల భూమిలోనికే పంపవలయును, వాగులో విడువరాదు.

నిధి మన నేలలోనే యున్నది. త్రవ్వువాని సంకల్పమే కావలసియున్నది. మరియొక అరశతాబ్దము వేచియుండుటకు ఆ పొగలోని బిడ్డలకు అవకాశము లేదు.